30 రోజుల డీఅడిక్షన్ సెంటర్ సరిపోతుందా? ధర్మాబాద్ అక్క ప్రశ్నకు నా జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దు పక్కనే ఉన్న ధర్మాబాద్ నుంచి ఒక అక్క రాశారు. తమ్ముడికి 34 ఏళ్లు, మిర్చి యార్డులో హమాలీ. పొద్దున లేవగానే దేశీ మద్యం పడకపోతే చేతులు వణుకుతాయి. పని మీద బాసర, నిజామాబాద్ వైపు పోయినప్పుడు కల్లు తాగుతాడు. ఒక ప్రైవేటు సెంటర్‌వాళ్లు "30 రోజులు మా దగ్గర ఉంచండి, గ్యారంటీగా మాన్పిస్తాం, మా వ్యాన్ వచ్చి ఇంటి నుంచే తీసుకెళ్తుంది" అన్నారట. రెండు నెలల్లో అక్క వాళ్ల అమ్మాయి పెళ్లి. ఇప్పుడు పంపాలా, పెళ్లయ్యాక పంపాలా, 30 రోజులు సరిపోతాయా అని అడుగుతున్నారు.

నా జవాబు: ఇప్పుడే చేర్పించండి, కానీ ఆ సెంటర్‌లో వద్దు. తాగుడు ఆపించడానికి 30 రోజులు చాలు. మళ్లీ మొదలుపెట్టకుండా ఉండాలంటే కనీసం ఏడాది పాటు మందులు, కౌన్సెలింగ్, ఫాలోఅప్ కావాలి. ఇంటికి పంపాక ఆ ఏడాది ఏం చేస్తారో అడ్మిషన్‌కు ముందే చెప్పలేని చోట డబ్బు కట్టకండి.

నాది కిన్వట్ పక్క ఊరు. చాలా ఏళ్లుగా డీఅడిక్షన్ వార్డులో కౌన్సెలర్‌గా పని చేస్తున్నాను. డాక్టర్‌ను కాను. మందుల గురించి కింద రాసేది మీరు డాక్టర్‌ను ఏం అడగాలో తెలియడానికే, మెడికల్ షాపులో కొనుక్కోవడానికి కాదు.

ముందు మొదటి వారం సంగతి. పొద్దున్నే వణుకు వస్తోందంటే శరీరం మందుకు అలవాటుపడిపోయిందని అర్థం. అలాంటి మనిషి ఒక్కసారిగా ఆపితే ఆరు, ఎనిమిది గంటల్లో వణుకు, చెమట, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవాళ్లకు ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. రెండో రోజు దాటాక, నాలుగో రోజు లోపు కొందరికి డెలీరియం వస్తుంది: లేని మనుషులు కనిపిస్తారు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, సొంత భార్యను గుర్తుపట్టరు, జ్వరం, బీపీ పెరుగుతాయి. దీన్ని ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని దర్గాకో, దేవర దగ్గరికో తీసుకుపోతారు. సరైన వైద్యం అందకపోతే ఇందులో ప్రాణం పోతుంది. మాదకద్రవ్యాల్లో హెరాయిన్ మానేటప్పుడు మనిషి నరకం చూస్తాడు గానీ సాధారణంగా చావడు. మద్యం ఆపినప్పుడే చావు భయం ఎక్కువ. ఈ మాట చెప్తే చాలామంది నమ్మరు, ఎందుకంటే మందు షాపు చట్టబద్ధంగా నడుస్తుంది కదా.

అందుకే సెంటర్‌ను చూడటానికి పోయినప్పుడు గదులు, టీవీ, యోగా హాలు తర్వాత చూడండి. మొదట ఒకటే అడగండి: రాత్రి రెండు గంటలకు ఫిట్స్ వస్తే ఇక్కడ ఎవరుంటారు? "డాక్టర్ గారు రోజూ వస్తారు" అన్నది జవాబు కాదు. రాత్రి డ్యూటీ నర్సు ఉండాలి, పిలిస్తే వచ్చే డాక్టర్ ఉండాలి, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో పేరు చెప్పగలగాలి. డిటాక్స్‌లో, అంటే తాగుడు ఆపాక వచ్చే ఈ వణుకు, ఫిట్స్‌ను మందులతో గట్టెక్కించే దశలో, సాధారణంగా క్లోర్‌డయాజెపాక్సైడ్ గానీ, లివర్ దెబ్బతిన్నవాళ్లకు లోరాజెపామ్ గానీ ఇస్తారు. మొదట ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి వారం, పది రోజుల్లో తగ్గిస్తూ ఆపేస్తారు. దాంతోపాటు థయామిన్, అంటే బి1 విటమిన్ ఇంజెక్షన్లు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా పెద్దది. మన ఊళ్లలో తాగి పడిపోయినవాడికి ఆర్‌ఎంపీ మొదట చేసే పని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం. ఏళ్లుగా తిండి మాని తాగినవాడికి థయామిన్ ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. జ్ఞాపకశక్తి పోయి, నడక తూలిపోయి, మళ్లీ మామూలు మనిషి కాకుండా మిగిలిపోయినవాళ్లు ఉన్నారు. ఇంట్లో బాటిల్ పెట్టిస్తామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు మీ ప్రశ్నలో మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సంగతి. నాకు దాని మీదే ఎక్కువ టెన్షన్. కల్లు.

చెట్టు నుంచి దించిన ఈత కల్లు, తాటి కల్లు వేరు. కాంపౌండ్లలో, అంటే కల్లు దుకాణాల్లో అమ్మే కల్లులో చాలా చోట్ల ఆల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా తగ్గగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు ఫిట్స్‌తో, పిచ్చిగా ప్రవర్తిస్తున్నారని జనాన్ని మోసుకొచ్చారు. వాళ్లు మానుకోవాలని మానలేదు, దొరకక ఆగిపోయింది, అంతే. సరిహద్దుకు ఇటు ఉన్న బిలోలి, ధర్మాబాద్, దెగ్లూర్ వైపు జనం కూలికో, చుట్టాల ఇంటికో అటు పోయి అదే కల్లు తాగి వస్తారు. ఇక్కడ డాక్టర్ అడిగితే "దేశీ, రోజుకు రెండు క్వార్టర్లు" అంటారు. కల్లు మాటే ఎత్తరు. వాళ్ల దృష్టిలో కల్లు మందు లెక్కలోకి రాదు!

ఇది ఎందుకు ముఖ్యమంటే, దేశీ ఒక్కటే తాగినవాడికి అయిదో రోజుకల్లా గండం దాదాపు గట్టెక్కుతుంది. ఈ మత్తుమందులు కలిసిన కల్లు రోజూ తాగినవాడి లెక్క వేరు. ఫిట్స్ ఆలస్యంగా, వారం దాటాక కూడా రావచ్చు. నిద్ర వారాల తరబడి పట్టదు, ఆందోళన తగ్గదు. డిటాక్స్ మాత్రలు తగ్గించే వేగం కూడా డాక్టర్ మార్చాల్సి ఉంటుంది. బిలోలి వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ సంగతి చెప్తాను. మొదటి నాలుగు రోజులు బాగానే గడిచాయి, తిన్నాడు, నవ్వాడు, ఇంటికి పోతానన్నాడు. వారం తిరిగేసరికి ఫిట్స్. వాళ్ల అత్తమ్మను కూర్చోబెట్టి అడిగితే అప్పుడు బయటపడింది: కామారెడ్డి దగ్గర పనిలో ఉన్నన్నాళ్లూ మూడు పూటలా కాంపౌండ్ కల్లే. మూత్ర పరీక్ష చేస్తే ఆ మాత్రల జాడ తేలింది. మందులు మార్చాక కోలుకున్నాడు.

కాబట్టి అక్కా, మీ తమ్ముడితో మెల్లగా కూర్చుని కాగితం మీద రాసుకోండి. ఏం తాగుతాడు, ఎన్ని తాగుతాడు, చివరిసారి ఎప్పుడు, కల్లు ఏ ఊళ్లో, ఎన్నాళ్ల నుంచి. గతంలో ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, తల మీద దెబ్బ తగిలిందా. నిద్ర మాత్రలు, నొప్పి మాత్రలు వాడతాడా. హమాలీలు నడుము నొప్పికి ట్రమడాల్ లాంటివి అలవాటు చేసుకోవడం కొత్త కాదు, అదీ చెప్పాలి. గంజాయి ఉంటే అదీ. ఆ కాగితం డాక్టర్ చేతిలో పెట్టండి.

ఇక వ్యాన్ సంగతి. నలుగురు మనుషులు తెల్లవారుజామున వచ్చి, చేతులు కట్టి ఎత్తుకెళ్లడం మన ప్రాంతంలో ఒక వ్యాపారమైపోయింది. ఇంట్లోవాళ్లు విసిగిపోయి ఒప్పుకుంటారు, ఆ బాధ నాకు తెలుసు. కానీ మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కింద మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలూ వస్తాయి. ఆ చట్టం ప్రకారం మనిషి తన ఇష్టంతో చేరాలి. తీవ్రంగా ఉండి తాను నిర్ణయం తీసుకునే స్థితిలో లేకపోతే, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాక, అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద గరిష్ఠంగా 30 రోజులు చేర్చుకోవచ్చు. ఆపైన ఉంచాలంటే మరో ప్రక్రియ ఉంది. గొలుసులతో కట్టడం ఏ రూపంలోనైనా నిషేధం. ఇంటివాళ్లతో ఫోన్‌లో మాట్లాడే హక్కు, వాళ్లను కలిసే హక్కు రోగికి ఉన్నాయి. సెంటర్‌కు రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉండాలి. సర్టిఫికెట్ చూపించమనండి. చూపించడానికి నసిగితే బయటికి వచ్చేయండి. "మొదటి 20 రోజులు ఎవరినీ కలవనివ్వం" అనే చోట లోపల ఏం జరుగుతోందో మీకు ఎప్పటికీ తెలియదు.

చట్టం పక్కన పెట్టినా, ఎత్తుకెళ్లినవాడు 30 రోజులూ మీ మీద కోపంతోనే గడుపుతాడు. బయటికి వచ్చిన రోజే దేశీ దుకాణానికి పోయి మీ మీద కసి తీర్చుకుంటాడు. అలా వచ్చినవాళ్లను మా దగ్గర చూస్తూనే ఉన్నాను. పొద్దున వణుకుతున్నప్పుడు, తాగకముందు కాస్త స్పృహలో ఉన్న ఆ గంటలో మాట్లాడండి. పిల్లల ముందు వద్దు, పది మంది పెద్దమనుషుల ముందు అసలే వద్దు. "నిన్ను మాన్పిస్తాం" అనకుండా "ఈ వణుకు తగ్గించే డాక్టర్ ఉన్నాడు, ఒకసారి చూపిద్దాం" అంటే చాలామంది లేచి వస్తారు.

గ్యారంటీ మాటకొస్తే, ఇవ్వగలిగినవాళ్లు ఎవరూ లేరు. అమెరికాలో మత్తుపదార్థాల మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ నిడా చెప్పే లెక్క ప్రకారం చికిత్స తీసుకున్నవాళ్లలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ జారతారు. బీపీ, ఆస్తమా రోగుల్లో మందులు సరిగ్గా వాడక జబ్బు తిరగబెట్టేవాళ్ల శాతమూ దాదాపు అంతే. బీపీ మాత్ర 30 రోజులు మింగి ఆపేసి "నయం కాలేదు" అని డాక్టర్‌ను తిట్టేవాళ్లు తక్కువ, డీఅడిక్షన్‌కు వచ్చేసరికి అందరం అదే చేస్తాం.

మరి ఆ 30 రోజుల్లో ఏం జరుగుతుంది? మొదటి వారం, పది రోజులు డిటాక్స్. ఆ తర్వాత మనిషి తేటపడతాడు, అప్పుడే అసలు పని మొదలవుతుంది: ఏ వేళకు, ఎవరితో, ఏం జరిగితే చెయ్యి గ్లాసు మీదికి పోతుందో గుర్తుపట్టడం, అప్పుడు ఏం చేయాలో సాధన చేయడం, గ్రూపులో కూర్చుని మాట్లాడటం, ఇంటివాళ్లకు వేరే కౌన్సెలింగ్. పుణెలో 1986లో మొదలైన ముక్తాంగణ్ లాంటి పేరున్న సంస్థలు కూడా నెల, నెల పైన కొద్ది రోజులకే కార్యక్రమం పెట్టుకున్నాయి, ఆపైన ఫాలోఅప్ మీద నడిపిస్తాయి. మూడు నెలలు, ఆరు నెలలు లోపలే ఉంచితే ఇంకా బాగుంటుందని కొందరు అంటారు. ఇల్లు లేనివాడికి, చాలాసార్లు జారినవాడికి, గట్టి మత్తుమందులు వాడినవాడికి అది అవసరం కావచ్చు. భార్యాపిల్లలు, చేతిలో పని ఉన్న హమాలీని ఆరు నెలలు లోపల పెడితే ఆ ఇల్లు అప్పుల్లో మునుగుతుంది, అదో కొత్త సాకు అవుతుంది.

అందరికీ సెంటరే అవసరం లేదని కూడా చెప్పాలి. వణుకు తక్కువగా ఉండి, గతంలో ఫిట్స్ లేక, ఇంట్లో చూసుకునే మనిషి ఉంటే ఆసుపత్రి ఓపీలోనే డిటాక్స్ చేసేయొచ్చు. మీ తమ్ముడి పొద్దుటి వణుకు, కల్లు రెండూ కలిశాయి కాబట్టి నేను లోపల చేర్చమంటున్నాను.

భాష గురించి ఒక మాట. మనవాళ్లు బజార్లో మరాఠీ గడగడా మాట్లాడతారు. కానీ నాన్న చనిపోయిన రాత్రి గురించి, భార్యను కొట్టిన రోజు గురించి చెప్పాల్సి వస్తే తెలుగే వస్తుంది. మరాఠీ గ్రూపులో కూర్చున్న తెలుగువాడు అన్నిటికీ "హో, హో" అని తలూపుతాడు, రిపోర్టులో "సహకరిస్తున్నాడు" అని రాస్తారు, లోపలిది లోపలే ఉంటుంది. నాందేడ్‌లో చేర్పిస్తే తెలుగు వచ్చిన కౌన్సెలర్ ఉన్నారా అని అడగండి. నిజామాబాద్ వైపు అయితే భాష బాధ ఉండదు, కానీ మహారాష్ట్ర రేషన్ కార్డుకు అక్కడి ఆరోగ్యశ్రీ వర్తించదు. గవర్నమెంట్ ఆసుపత్రి ఓపీకి మాత్రం ఎటు పోయినా ఎవరూ కాదనరు. నాందేడ్ విష్ణుపురిలో గవర్నమెంట్ మెడికల్ కాలేజీ, నిజామాబాద్‌లో గవర్నమెంట్ మెడికల్ కాలేజీ, రెండూ మీకు అందుబాటులోనే ఉన్నాయి. నేనైతే మొదట వాటిలో ఒక చోట సైకియాట్రీ డాక్టర్‌కు చూపించి, ఆయన రాసిన కాగితంతో సెంటర్ వెతుక్కోమంటాను.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో నడిచే పునరావాస కేంద్రాలూ ఉన్నాయి. దగ్గర్లో ఎక్కడుందో 14446 హెల్ప్‌లైన్‌లో చెప్తారు. రాత్రిపూట ఏం చేయాలో తోచకపోతే టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఇవేవీ వాడుకోకుండా ఉండిపోయేవాళ్లే ఎక్కువ. 2019లో కేంద్రం విడుదల చేసిన జాతీయ సర్వేలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరే ఏదో ఒక సాయం పొందినట్టు తేలింది.

డిశ్చార్జ్ తర్వాతి ప్లాన్‌కు వద్దాం. డిశ్చార్జ్ కాగితం మీద మూడు ఉండాలి: ఏ మాత్ర, ఎన్నాళ్లు, మొదటి ఫాలోఅప్ తేదీ. కోరిక తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటివి ఉన్నాయి. నొప్పికి ట్రమడాల్ వాడేవాడికి నాల్ట్రెక్సోన్ పడదు, అకాంప్రొసేట్‌కు ముందు కిడ్నీ పరీక్ష కావాలి, అందుకే ఇందాక ఆ కాగితం రాయమన్నాను. ఇంకొకటి డైసల్ఫిరామ్. అది వేసుకున్నాక తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. తెలిసి, ఒప్పుకుని, ఇంట్లో ఒకరి చేతి మీదుగా రోజూ వేసుకునేవాడికి ఇది బాగా పనిచేస్తుంది. కూరలో, పప్పులో కలిపి తెలియకుండా పెట్టడం మాత్రం చేయకండి. "తెలియకుండా మాన్పిస్తాం" అని బస్టాండ్ గోడల మీద రాసే పొడుల్లో ఏముందో అమ్మేవాడికీ తెలియదు.

మొదటి మూడు నెలలు అన్నిటికంటే కష్టం. యార్డులో కూలి చేతికొచ్చే సాయంత్రం, పోళా (ఎడ్ల పండగ), దసరా, చావు ఇంటి నుంచి తిరిగొచ్చే దారి, ఇవన్నీ ముందే తెలిసిన గుంతలు. ఒక లారీ డ్రైవర్ నెల నెల చొప్పున పలుమార్లు సెంటర్లలో ఉండి వచ్చి ప్రతిసారీ జారాడు. చివరికి నిలబడినప్పుడు అతను చేసిన మార్పులు చాలా మామూలువి. జీతం భార్య ఖాతాలో పడేట్టు యజమానితో మాట్లాడుకున్నాడు, రాత్రి ట్రిప్పులు మానాడు, పాత క్లీనర్‌ను మార్చాడు, మాత్ర అమ్మ చేతి నుంచి తీసుకున్నాడు. మధ్యలో ఒకసారి తాగాడు కూడా. మర్నాడే ఓపీకి వచ్చి చెప్పాడు. ఒకసారి జారితే మొత్తం పోయిందని ఇంట్లోవాళ్లు కేకలేస్తే అదే సాకుగా వారమంతా తాగుతారు. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే చాలాసార్లు అక్కడే ఆగుతుంది.

మాల వేసుకోవడం గురించి చాలామంది అడుగుతారు. అయ్యప్ప మాలైనా, పండరి తులసి మాళైనా, వాటి వల్ల ఏళ్ల తరబడి మానేసినవాళ్లు మన దగ్గర ఉన్నారు, నేను కాదనను. కానీ రోజూ తాగే మనిషి ఏ డాక్టర్‌కూ చెప్పకుండా మాల వేసుకున్న రోజే ఆపేస్తే, రెండో రోజు భజనలోనే ఫిట్స్ వచ్చి పడిపోవచ్చు. డిటాక్స్ అయ్యాక వేయించండి, అప్పుడు అది పెద్ద ఆసరా. ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానినవాళ్లు ఒకరికొకరు ఆసరాగా కలుసుకునే బృందం) సమావేశాలు దగ్గర్లో ఉంటే వాటికీ పంపండి, వాటికి ఫీజు ఉండదు.

వేరే మత్తుల కోసం ఇది చదివేవాళ్లకు ఒక్క హెచ్చరిక: హెరాయిన్ లాంటివి నెల రోజులు మానేసిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. డిశ్చార్జ్ అయిన వారంలో పాత లెక్కనే తీసుకుని చనిపోయేవాళ్లు ఉంటారు. వాళ్లకు బ్యూప్రెనార్ఫిన్ లాంటి మందు మీద నిలకడగా ఉంచే చికిత్స గురించి డాక్టర్‌ను తప్పక అడగాలి.

ఇక పెళ్లి. మేనమామ లేకుండా పెళ్లికూతుర్ని గంపలో ఎవరు తెస్తారన్నది మీ బాధ, అర్థమైంది. రెండు నెలలు ఉంది కాబట్టి ఈ వారమే చేర్పిస్తే 30 రోజులు అయ్యాక కూడా మీకు మూడు, నాలుగు వారాలు మిగులుతాయి. "పెళ్లి దాకా నేనే ఆపుకుంటా" అంటే ఒప్పుకోకండి, ఇంట్లో ఒక్కసారిగా ఆపడమే అన్నిటికంటే ప్రమాదం. చేరే రోజు దాకా తాగేది కూడా మీ అంతట మీరు బలవంతంగా ఆపించొద్దు. పెళ్లి నాడు ముహూర్తం పొద్దున ఉంటే గంప ఎత్తడం, తలంబ్రాలు, భోజనం అయ్యాక మరదలితో కలిసి అతన్ని ఇంటికి పంపేయండి. బరాత్‌కు ఉండొద్దు. పెళ్లికి వచ్చే బావలు, దోస్తులు "మేనమామవు, ఒక్కటి ఏస్తే ఏమైతది" అంటారు. అలా అనే ఇద్దరు ముగ్గురు ఎవరో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. వాళ్లతో మీరే ముందు రోజు మాట్లాడి పెట్టుకోండి, ఆ పని తమ్ముడి మీద వేయకండి. అతను అప్పటికి డైసల్ఫిరామ్ మీద ఉంటే ఆ సంగతి వాళ్లకు కచ్చితంగా చెప్పాలి. కూల్‌డ్రింక్‌లో కలిపి తాగించే సరదా కొందరికి ఉంటుంది.

ఈలోగా రక్తం కక్కినా, కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా సెంటర్ల చుట్టూ తిరగకుండా నేరుగా విష్ణుపురి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. డీఅడిక్షన్ సంగతి అక్కడి డాక్టర్లు చూసి చెప్పాకే.